నీళ్ళు తాపని పడవ

నేను రిటైరై చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా "ఆ పని అయిందా?" అని అడిగితే "అయింది" అనే మాట నా నోట్లోంచి వెంటనే రాదు. లేచి వెళ్ళి, చూసి వచ్చి చెప్తాను. గ్యాస్ కట్టేశారా అని మా ఆవిడ అడిగినా అంతే. కట్టేసింది నేనే, అయినా మళ్ళీ వంటింట్లోకి వెళ్తాను. ఇది జాగ్రత్త అని మా పిల్లలు అనుకుంటారు. జాగ్రత్త కాదు, భయం. ఎక్కడ పట్టుకుందో చెప్తాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి వాళ్ళకు పనికొస్తే సంతోషం, రాకపోతే ఒక ముసలివాడి సొద అనుకొని వదిలేయండి.

ఎనభైల నడుమ మాట. మాది తిరుమలగిరి వైపు మెట్ట ఊరు. పత్తి, కంది, ఏటేటా లోతుకు పోయే బోర్లు. మా ఊళ్ళో ఎవరైనా నీళ్ళలో మునగాలంటే ముందు వాన కోసం ఎదురు చూడాలి. అలాంటి ఊరివాణ్ణి తెచ్చి సూర్యాపేట అవతల ఒక రిజర్వాయరు మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మా పై ఆఫీసు మిర్యాలగూడలో ఉండేది. నాకు ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు.

నీళ్ళ అడుగున ఎంత ఒండ్రు పేరుకుందో లెక్క తేల్చడం మా పని. గుర్తు పెట్టుకున్న చోట్లకు పడవలో వెళ్ళి, ముడులు వేసిన తాడుకు సీసం గుండు కట్టి వదిలి, లోతు రాసుకోవాలి. ఆ పడవ చిన్నది. చెక్కలతో చేసింది. నడుమ ఒక కొయ్య, దానికి ఒక తెరచాప. ఇంజను ఇప్పించమని నాకంటే ముందున్నవాళ్ళు రాస్తే, గాలి ఉండగా ఇంజను దేనికని జవాబొచ్చిందట. పొద్దున పడమటికి తెడ్లు వేసుకుంటూ పోవడం, పని ముగించుకొని పడమటి గాలికి తెరచాప ఎత్తి కట్ట దగ్గరికి రావడం.

పడవ నడిపే ఆయన్ను నేను పెద్దయ్యా అనేవాణ్ణి. అరవైకి దగ్గరలో ఉండేవాడు. కృష్ణ ఒడ్డున పుట్టినవాడు. ఆయన నలుగురిలో నన్ను "సారూ" అనేవాడు, ఇద్దరమే ఉన్నప్పుడు "బిడ్డా" అనేవాడు. ఇంకొకరు గేజీ చూసే అక్క, అంటే నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం. కోదాడ ఆమె. భర్త పోతే ఆయన ఉద్యోగం ఈమెకిచ్చారు. బడికి పోయే పిల్లలిద్దరు. మనసులో ఉన్నది మొహం మీద అనేసే మనిషి. నేను నీటి అంచుకు వెళ్ళి వంగి చూస్తుంటే, "ఏంటండీ సారూ, అందులో మీ బోరుబావి కనపడుతోందా?" అనేది.

ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయాక పడవను గుండ్రటి దుంగల మీద ఒడ్డుకు లాగి బోర్లేసేవాళ్ళం. అడుగున పచ్చగా నాచు, నత్త గుల్లలు, ఎండితే వచ్చే నీచు కంపు. అదంతా ఇనుప రేకుతో గీకి, కడిగి, చెక్కల సందుల్లో పాత నార కొక్కెంతో లాగి పారేసి, నూనెలో తడిపిన కొత్త జనపనార పెట్టి ఉలితో లోపలికి కొట్టాలి. పైన గుగ్గిలం కాచి పూయాలి, దాని మీద తారు. ఇదంతా పెద్దయ్యే చేసేవాడు. నేను పక్కన నిలబడి అజమాయిషీ అనే పని చేసేవాణ్ణి.

ఆ ఏడు మే నెలలో పెద్దయ్యకు కంట్లో పొర ముదిరింది. సూర్యాపేట దవాఖానలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. పడవ అప్పటికి గీకి కడిగి ఉంది, సందులు ఖాళీగా ఉన్నాయి. బస్సెక్కే ముందు ఆయన నన్ను పడవ పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాడు.

"బిడ్డా, ఎండల పెట్టకు. నీడకు గుంజి తడి గోనెలు కప్పు. నార కొట్టేటప్పుడు గట్టిగ కొట్టకు, జర వదులుండాలె. అంతా అయినంక లోతు లేని కాడ నీళ్ళల్ల దించి, లోపల నీళ్ళు నింపి ముంచు. మూడు దినాలు. బర్రెకు తాపినట్టు పడవకు నీళ్ళు తాపాలె. కర్ర ఉబ్బి సందును అదే మూసుకుంటది. నార కాదు మూసేది, కర్ర."

"సరే పెద్దయ్యా" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఏం సరే? మల్ల చెప్పు" అన్నాడు. బడిపిల్లాడిలా అప్పజెప్పాను. ఆయన నవ్వి బస్సెక్కాడు.

అంతా బాగానే విన్నాను. కానీ నేను మెట్టవాణ్ణి. మాకు తడి అంటే చెడిపోవడం. కంది తడిస్తే బూజు పడుతుంది, పత్తి తడిస్తే ధర పడిపోతుంది. ఏ వస్తువైనా బాగుండాలంటే ఎండాలి. గోనెలు కప్పడానికి మనసొప్పలేదు. ఈ ముసలాయన చాదస్తం అనుకొని పడవను రెండు వారాలు నడి ఎండలో ఆరబెట్టాను. సందుల్లో చిటికెన వేలు దూరేంత ఎడం వచ్చింది. అది చూసి నాకు భయం వేయలేదు, పైగా ఎంత బాగా ఆరిందో అనుకున్నాను!

జనపనార సగంలో అయిపోయింది. తిరుమలగిరికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న పత్తి ఒక సంచి నిండా తెచ్చాను. దాన్ని పేని, నూనెలో ముంచి, ఎడం ఉన్న చోటల్లా కుక్కి, కొయ్య సుత్తితో నా బలమంతా పెట్టి కొట్టాను. గోడకు సున్నం వేసినట్టు నున్నగా వచ్చింది. జూన్ నడుమ, బళ్ళు తెరిచిన వారంలో మిర్యాలగూడ నుంచి కబురు. పై ఆఫీసరు పది రోజుల తర్వాత రావలసినవాడు సోమవారమే వస్తున్నాడు. గబగబా తారు పూసి, పడవ పైభాగానికి నీలం రంగు వేశాను. ఇక మూడు రోజులు ముంచడం ఎక్కడ? ముంచితే కొత్త రంగు పాడవుతుంది. ఆఫీసరు వచ్చి చూసేసరికి నీళ్ళలో మునిగి ఉన్న పడవను చూపించాలా? మా సెక్షన్‌లో నా ఉద్యోగం అప్పటికి పర్మనెంటు కాలేదు. ముంచలేదు.

ఆదివారం సాయంత్రం పెద్దయ్య వచ్చాడు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకొని ఉన్నాడు. రెండో కన్నూ మసకే. నలభై రోజులు కంటికి నీళ్ళు తగలకూడదు, తల వంచకూడదు, బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పాడట. అయినా తెరచాప తెలిసిన మనిషి ఇంకొకరు లేక రమ్మని ఆఫీసు నుంచి కబురు వెళ్ళింది. తల వంచలేడు కాబట్టి పడవ దగ్గర నిటారుగా నిలబడి, అరచేతితో అంచు నిమిరి, వేలి కణుపులతో రెండు సార్లు తట్టి, నా వైపు తిరిగాడు.

"తాపినవా?"

"తాపిన పెద్దయ్యా."

"మూడు దినాలా?"

"మూడు దినాలు."

"మంచిది బిడ్డా" అన్నాడు. ఆయన కళ్ళు బాగుంటే ఒక్క చూపుకు దొరికిపోయేవాణ్ణి. చూడలేడు, వంగలేడు, అందుకే నన్ను అడిగాడు. అందుకే నేను అబద్ధం చెప్పగలిగాను. ఇంత పచ్చిగా అప్పుడు అనుకోలేదు, ఒక్క మాటే కదా అనుకున్నాను.

సోమవారం పడవ నీళ్ళలోకి దించాం. ఆఫీసరు వచ్చి లోపల చూసి, "ఒక్క చుక్క రాలేదయ్యా! కొత్త పడవలా చేశావే" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. ఉబ్బవలసింది ఛాతీ కాదని మర్నాడు తెలిసింది.

మంగళవారం పొద్దున రేవులో కట్టేసిన పడవలోంచి చప్పుడు వినిపించింది. టక్కుమని ఒకటి, కాసేపటికి ఇంకొకటి. దగ్గరికి వెళ్తే నీలం రంగు సందుల వెంట పగిలి ఉంది. ఆ పగుళ్ళలోంచి నేను కుక్కిన పత్తి తెల్లగా బయటికి తన్నుకొస్తోంది. కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతోంది. ఉబ్బడానికి సందులో చోటు లేదు, నేనే చోటు లేకుండా కొట్టాను. పత్తిని తోయగలిగినంత తోసి, ఇక మేకులను లాగుతోంది. ఈ లెక్క అప్పుడు నాకు పూర్తిగా తెలియదు. ఏదో తప్పు జరుగుతోందని మాత్రం తెలిసింది.

ఆ క్షణాన పెద్దయ్య దగ్గరికి పరుగెత్తి ఉంటే ఈ కథే లేదు. నేను చాకు తెచ్చి, బయటికొచ్చిన పత్తి అంతా కోసి, అందినంత మేర మళ్ళీ రంగు పూశాను. ఎవరైనా చూస్తారేమోనని కట్ట వైపు చూస్తూ పూశాను. రాత్రి మంచం మీద పడుకొని, ఉబ్బడం అయిపోయి ఉంటుంది, రేపటికి సర్దుకుంటుంది అని వంద సార్లు అనుకున్నాను.

బుధవారం లోతులు కొలవడానికి వెళ్ళాలి. పెద్దయ్య, తెడ్డు వేసేందుకు అక్క, రాసుకోవడానికి నేను. పెద్దయ్య మళ్ళీ అంచు నిమిరాడు. నున్నగా తగిలింది, నేను నున్నగా చేశాను కాబట్టి. నేను ఒక కాలు పడవలో పెట్టాను. అప్పుడే కట్ట మీది గది నుంచి వాచ్‌మన్ కేక వేశాడు. పదకొండింటికి మిర్యాలగూడ నుంచి ఫోను వస్తుందట, నన్ను అక్కడే ఉండమన్నారు.

"మీరు ఫోను చూసుకోండి సారూ. రాసేది కూడా నేనే రాసుకుంటాలే, నాకేమన్నా చదువు రాదా?" అంది అక్క.

కాలు వెనక్కి తీసుకున్నాను. మీకు నిజం చెప్తాను. ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. పడవలో ఇద్దరు పిల్లల తల్లి కూర్చుంది, ఆమెకూ ఈత రాదు. ఆగండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పడవ కదిలింది.

కట్ట మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఫోను గదిలోకి వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. పడవ చిన్నదై చుక్కంతయింది. ఎప్పుడూ తెరచాప లేచేది మధ్యాహ్నం, పని అయ్యాక. ఆ రోజు పదిన్నరకే లేచింది.

అంత దూరాన తెల్లగా ఆ గుడ్డ కనపడింది. ఎందుకు లేచిందో ఈ లోకంలో నా ఒక్కడికే తెలుసు. కట్ట దిగి పరుగెత్తాను. చేపలు పట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని కేకలు వేశాను. ఎవరూ లేరు. నీళ్ళలోకి దిగాను. మొల లోతు, ఛాతీ లోతు. అక్కడ ఆగిపోయాను. గొంతు దాకా వెళ్తే నన్ను తీయడానికి కూడా మనిషి లేడు. పడమటి గాలి తగ్గకూడదని మొక్కని దేవుడు లేడు.

పడవ ఎంత కిందికి దిగిపోయిందంటే, దూరానికి తెరచాప ఒక్కటే నీళ్ళ మీద నడిచొస్తున్నట్టు కనిపించింది. దగ్గరికొచ్చే కొద్దీ అక్క కనిపించింది. టిఫిన్ డబ్బాతో నీళ్ళు తోడి పోస్తోంది, ఆగకుండా, పైకి చూడకుండా. పెద్దయ్య కనిపించలేదు. తర్వాత కనిపించాడు. పడవ అడుగున బోర్లా వంగి, మొహం నీళ్ళకు ఆనుతుంటే, తలగుడ్డను ఒక సందులో కుక్కి రెండు చేతులతో అదిమి పట్టుకొని ఉన్నాడు. చుక్కానిని కాలితో తొక్కి పట్టాడు. పచ్చ గుడ్డ ఊడిపోయి మెడలో వేలాడుతోంది.

నేను నిలబడ్డ చోటికి కొంచెం ఇవతల పడవ బురదలో దిగబడి ఆగింది. అక్క దిగి నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చి కూర్చుంది. "పిల్లలు బడి నుంచి వచ్చే టైమైందా?" అని అడిగింది, ఎవరినో తెలియదు. తర్వాత ఏడ్చింది. పెద్దయ్య నా ముందుకు వచ్చి పిడికిలి తెరిచాడు. నూనె పట్టి, రాయిలా గట్టిపడిన పత్తి ముద్ద. కృష్ణ ఒడ్డు మనుషులెవరూ పడవలో పత్తి పెట్టరు. దాన్ని నా చేతిలో పెట్టి, కట్టెక్కి పోయాడు.

మర్నాడు మిర్యాలగూడ ఆఫీసు అసిస్టెంట్ ఇంజనీరు, మా ఏఈ సారు వచ్చి, ఎట్లా జరిగిందని అడిగాడు. అడుగు చెక్క ఒకటి మేకులు ఊడదీసుకొని పైకి లేచి ఉంది.

"పాత కర్ర సారూ. ఎన్ని దినాలుంటది? అయిపాయె దాని పని" అన్నాడు పెద్దయ్య. ఏఈ సారు అదే రాసుకున్నాడు. అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను.

నాలుగో రోజుకు పెద్దయ్య కన్ను వాచింది. సూర్యాపేట దవాఖానకు నేనే తీసుకెళ్ళాను. చీము పట్టిందన్నారు. పది రోజులు ఉంచుకున్నారు. ఆ కన్ను మిగల్లేదు.

డాక్టర్లు ఆ మాట చెప్పిన రోజు నేను ఆయన మంచం పక్కన కూర్చొని అంతా చెప్పాను. ఎండలో పెట్టడం, పత్తి, సుత్తి, చాకు, కాలు వెనక్కి తీసుకున్నప్పుడు హాయిగా అనిపించడం కూడా. ఆయన గోడ వైపు తిరిగి పడుకొని విన్నాడు.

"తెలుసు సారూ" అన్నాడు.

గదిలో మేమిద్దరమే. ఆయన నన్ను బిడ్డా అనలేదు.

"ఏఈ సారుకు ఎందుకు చెప్పలే పెద్దయ్యా?"

"చెప్తే నిన్ను తీసేస్తరు. నీ జాగాల ఇంకొకడు వస్తడు. ఆనికి తెల్వది. నీకైతే ఇప్పుడు తెలుసు గద." గోడ వైపు చూస్తూనే అన్నాడు. "ఆ అక్కకు ఏమన్న అయితే ఊకునేటోణ్ణి కాదు. నీళ్ళల్లనే నిన్ను తొక్కుదును."

నేను మిర్యాలగూడ వెళ్ళి ఏఈ సారుకు కూడా నోటితో చెప్పాను. ఆయన టీ తాగుతూ విని, "రిపోర్టు పైకి పోయిందయ్యా. పాత కర్ర అని రాశాక ఇప్పుడు కొత్తగా నువ్వెక్కడి నుంచి వస్తావు? పోయి పని చూసుకో" అన్నాడు. శిక్ష వేస్తారని భయపడుతూ వెళ్ళినవాణ్ణి, వేయనందుకు బస్టాండులో కూర్చొని ఏడ్చాను.

ఆ తర్వాత ప్రతి మే నెలా పడవ పని నేనే చేశాను. గీకడం, కడగడం, నీడ, తడి గోనెలు, వదులుగా నార. మూడు రోజులు నీళ్ళలో ముంచి, నేనూ ఆ ఒడ్డునే పడుకునేవాణ్ణి. పెద్దయ్య మిగిలిన ఒక్క కంటితో, ముక్కు చెక్కకు ఆనేంత దగ్గరగా పెట్టి, ప్రతి సందూ తడిమి చూసుకునేవాడు. చూసి లేచి పోయేవాడు. తాపినవా అని నన్ను ఎన్నడూ అడగలేదు. ఒంటరిగా ఉన్నా, నలుగురిలో ఉన్నా నేను "సారూ"నే. మొదటి రోజు పడవ కదిలే ముందు అక్క ఒడ్డున చేతులు కట్టుకొని నిలబడేది. "ముందు మీరు కూర్చోండి సారూ. మీరెక్కితేనే నేనెక్కుతా." ఎక్కి కూర్చునేవాణ్ణి. ఈత మాత్రం ఇప్పటికీ రాదు. కొన్నేళ్ళకు ఆమె కోదాడకు బదిలీ చేయించుకొని వెళ్ళిపోయింది. పోయేటప్పుడు నాతో "వెళ్ళొస్తా" అంది. అదే చాలా ఎక్కువ అనుకున్నాను.

తొంభైలు వచ్చాయి. ఫైబరు పడవ, దానికి ఇంజను మంజూరయ్యాయి. ఫైబరుకు నారా వద్దు, గుగ్గిలమూ వద్దు, దాహమూ లేదు. అది వచ్చేలోపు పాత పడవకు చివరి ఎండాకాలం పని చేశాను. పెద్దయ్యకు ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది, అయినా మే నెల వస్తే వచ్చి చూసుకొని పోయేవాడు. ఆ ఏడు మనవరాలి భుజం పట్టుకొని వచ్చాడు. రెండో కంటికీ పొర కమ్మింది. ఆపరేషన్ చేయించుకోమంటే ససేమిరా అన్నాడట. ఎందుకో నేను అడగలేదు.

ఒడ్డుకు నాలుగడుగుల దూరంలో, నీళ్ళు నింపుకొని పడవ మునిగి ఉంది. పెద్దయ్య వచ్చి గట్టున నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు.

"తాపినవా?"

"తాపిన పెద్దయ్యా. మూడు దినాలు" అన్నాను. గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. "దిగి చెయ్యి పెట్టి సూడు పెద్దయ్యా, నేను పట్టుకుంట" అని చెయ్యి చాచాను.

ఆయన చెయ్యి అందుకోలేదు. నీళ్ళ వైపు కూడా తిరగలేదు. మనవరాలి భుజం మీద చెయ్యి సర్దుకున్నాడు.

"నువ్వు చెప్పినవ్ గద. ఇగ నీళ్ళు తోడు బిడ్డా" అన్నాడు.

నాకు కళ్ళు కనపడలేదు. డబ్బా తీసుకొని, పడవలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తోడి పోయడం మొదలుపెట్టాను.